పౌరసభ లేని పురపాలనము

2024వ సంవత్సరమున శ్రీకాకుళ పట్టణపు వీధిలో నొక యువకుని నిలిపి "నాయనా, మీ వార్డు సభ్యుడెవరు?" అని యడిగియుండినచో నతడు నవ్వి యూరకుండెడివాడు. ఆ ప్రశ్నకు సమాధానము లేదు. 2005లో ఎన్నికైన పురపాలక సంఘమునకు 2010లో గడువు తీరినది. అటుపిమ్మట పదునాలుగేండ్లు గడచినను పురజనులు తమ పురమునకు ప్రతినిధుల నొక్కమారైనను ఎన్నుకొని యెరుగరు. 1990లో పుట్టిన శిశువు ముప్పది నాలుగేండ్ల గృహస్థుడై, 2009 మొదలు 2024 వరకు నాలుగు మారులు శాసనసభకును లోకసభకును వోటు వేసినాడు. తన యింటిముందరి మురుగుకాలువ విషయమున మాత్రము ఒక్క వోటైనను వేయజాలకపోయినాడు. ఢిల్లీలో నెవరు కూర్చుండవలెనో నిర్ణయించుటకు యోగ్యుడట. తన వీధి బాగోగులు చూచువాడెవడో నిర్ణయించుటకు మాత్రము అయోగ్యుడట!

ఇది నిన్నమొన్న వెలసిన బస్తీ కాదు. నవాబుల నాటి సర్కారునకు ముఖ్యపట్టణమై, చికాకోలను పేర దొరల దస్తరములకెక్కి, 1856లోనే మునిసిపాలిటీయైన పట్టణమిది. పొరుగుననున్న విజయనగరము సైతము 1888లో గాని ఆ హోదాను పొందలేదు. 1882లో రిపను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము చేయుచు, పనులు చక్కగా నెరవేరుటకన్నను ప్రజలు పాలనవిద్య నేర్చుటయే దాని ముఖ్యప్రయోజనమని తలచెను. ఆ తలపు నాటి తెల్లదొరల ఏలుబడిలో ఎంతవరకు సాగినదో మన పెద్దలెరుగుదురు. కాని పరప్రభుత్వపు ప్రతినిధి నోటనైనను వచ్చిన ఆ మాటను స్వరాజ్యము సిద్ధించిన పిదప మనవారే మరచిరనుట మాకు సిగ్గు కలిగించుచున్నది.

ఇట్లేల జరిగినది? 2014 మార్చి 30న రాష్ట్రమందలి పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగినవి, శ్రీకాకుళమునకు జరుగలేదు. 2015లో దీనికి నగరపాలక సంస్థ యను పెద్ద పేరు పెట్టిరి. పేరు పెరిగినది గాని సభ రాలేదు. పరిసర గ్రామముల విలీనమొక చిక్కు, ఆ విలీనమునకు ఒడంబడని వారి వ్యాజ్యములొక చిక్కు, వార్డుల సరిహద్దులొక చిక్కు. విలీనమైన గ్రామముల వారికి పంచాయతీయును పోయినది, పౌరసభయును దక్కలేదు. మరల 2021 మార్చి 10న ఎన్నికలు వచ్చినవి. నాటి జిల్లాలోని ఇచ్ఛాపురము వోటు వేసినది, పలాస–కాశీబుగ్గ వేసినది, పాలకొండ వేసినది. వాటన్నిటికిని పెద్దయైన జిల్లా ముఖ్యపట్టణము చేతులు కట్టుకొని చూచుచు నిలిచినది.

మేము న్యాయవాద వృత్తిలోనివారము గనుక వాయిదాల మహిమ మాకు క్రొత్త కాదు. వ్యాజ్యము తేలనంత కాలము ఎవనికి లాభమో వాడు దానిని తొందరపెట్టడనునది ప్రతి గుమాస్తాయు నెరిగిన రహస్యమే. కాని ఈ విషయమున శాసనము సందిగ్ధముగా లేదు. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘమునకు అయిదేండ్లే ఆయువనియు, అంతకు మించరాదనియు, ఆ గడువు తీరకమునుపే క్రొత్త ఎన్నిక పూర్తి కావలెననియు 243-యు అధికరణమున శాసించినది. నడుమ రద్దైన సంఘమునకైనను ఆరు నెలలలోపల ఎన్నిక జరుగవలెను. 2006లో అహమ్మదాబాదు నగరపాలక సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఈ గడువును దాటరాదని తీర్పు చెప్పినది. 2022 మేలో మధ్యప్రదేశ వ్యాజ్యమున అదే కోర్టు వార్డుల విభజనమును సాకుగా జూపి ఎన్నికలను నిలుపరాదని మరల పలికినది. ఆరు నెలలెక్కడ? పదునాలుగేండ్లెక్కడ? ఈ కాలమున పార్టీలు మారినవి, ముఖ్యమంత్రులు మారిరి, రాష్ట్రమే రెండుగా చీలినది. శ్రీకాకుళపు ప్రత్యేకాధికారి పదవి మాత్రము చెక్కుచెదరలేదు. కనుక మేమొక పార్టీని దూషించుట లేదు. అధికారమున నుండి ఊరకున్న ప్రతివారును ఇందు భాగస్వాములే.

ప్రత్యేకాధికారులుగా వచ్చినవారిని మేము నిందింపము. వారిలో సమర్థులుందురు, సజ్జనులుందురు. జిల్లా యంతటి భారము నెత్తిన మోయు కలెక్టరునకు ఒక పట్టణపు సభాకార్యమును గూడ అప్పగించినచో ఆయన ఏ వేళ ఏ వీధిని చూడగలడు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానమును నేలమట్టము చేసినప్పుడు కలెక్టరు చూపు పలాస మీదను, సముద్రతీరము మీదను నుండవలసినదే, ఉన్నది న్యాయమే. ఆ దినములలో పట్టణపు దీపమును, నీటిని విచారించుటకు వార్డుకొక మనుష్యుడు కావలెనా, వద్దా? అధికారి ఎంత మంచివాడైనను పైవారికి జవాబుదారి. బదిలీ యుత్తరువు వచ్చిన దినమున పెట్టె సర్దుకొని పోవును. వార్డు సభ్యుడెంత అసమర్థుడైనను అదే వీధిలో కాపురముండవలెను, అదే కొట్టులో ఉప్పు కొనవలెను, అయిదేండ్లకొకమారు అదే గడప తొక్కవలెను.

పన్నుల సంగతి చూడుడు. 2020లో చట్టమును సవరించి ఇంటిపన్నును అద్దె విలువనుండి తొలగించి ఆస్తి మూలధన విలువకు ముడిపెట్టిరి. హెచ్చింపు ఏటికి నూటికి పదునైదుకు మించదని ఊరడించిరి. ఏటేట పదునైదు చొప్పున పెరిగినచో అయిదేండ్లలో మొత్తము రెట్టింపగునను లెక్క బడిపిల్లవానికి తెలియును. 2021 అక్టోబరునుండి ఇంటింటి చెత్తకు రుసుము విధించిరి. ప్రజలు దానిని చెత్తపన్నని పిలిచిరి. 2024 ముగియుసరికి దానిని ఎత్తివేసిరి. విధించుటయును రాజధానిలోనే, ఎత్తివేయుటయును రాజధానిలోనే. సభ యున్న పట్టణములలో కనీసము నలుగురు సభ్యులు లేచి "ఇది మా వీధివారు భరింపలేరు" అని కేకవేయుటకు తావుండెను. శ్రీకాకుళమున ఆ కేక వినుటకు సభయే లేదు. 1921లో చీరాల–పేరాల ప్రజలు తమ మీద రుద్దిన మునిసిపాలిటీ పన్నులను సహింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లు వాకిళ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలలో నెలల తరబడి కాపురముండిరి. వారు వలదనినను మునిసిపాలిటీని రుద్దిరి. వీరు కావలెననినను సభను ఈయరైరి. పన్ను మాత్రము రెండుచోట్లను తప్పలేదు!

"సభ లేకున్ననేమి, సేవలు నడచుచున్నవి గదా? 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయములు వచ్చినవి గదా?" అని కొందరనుచున్నారు. సచివాలయములు వచ్చుట మేలే. జనన పత్రమునకు, పింఛనునకు ముసలివారు కోసులు నడువనక్కర లేకపోయినది. కాని అర్జీ పుచ్చుకొను బల్ల వేరు, జవాబు చెప్పు సభ వేరు. ఈ ప్రాంతమునందలి యొకానొక పట్టణమునుండి ఒక వృద్ధురాలు మా యొద్దకు వచ్చినది. వానకాలమున మురుగు ఆమె యింట చొరబడుచున్నది. మూడు మారులు అర్జీ యిచ్చినది, మూడు రసీదులు దాచినది. మూడు మారులును "మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది" అని ఆమె మనుమని ఫోనుకు వార్త వచ్చినది. కాలువ మాత్రము ఎప్పటి యట్లే పొంగుచున్నది. ఆమె మా ముఖము చూచి, "పరిష్కారమైపోనాదంట. మరి ఇంకెవులికి సెప్పుకోవాల బాబూ?" అనినది. మా అలమారలోని న్యాయగ్రంథములలో ఆమెకు చెప్పదగిన జవాబు మాకు వెంటనే దొరకలేదు.

సభలున్న చోట స్వర్గము దిగివచ్చినదా యని మరికొందరు విజయనగరమును చూపుదురు. ఈ ఆక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. 2021లో అచ్చట ఏబది డివిజనులలో నలుబదియెనిమిది ఒకే పార్టీకి దక్కినవి. ఎదురు పలుకువారు ఇద్దరు మాత్రమే మిగిలిన సభ, సభవలె నుండుట కష్టము. కంట్రాక్టుల కొరకు కౌన్సిలరులైన వారిని, కుళాయి వేయించుటకు చేయిచాచిన వారిని మేమును చూచితిమి. అయినను అచ్చట ఎవరు ఎట్లు వోటు వేసిరో వ్రాతలో నున్నది. మేయరు పేరు అందరికిని తెలియును. ఆమె చేసినదానికి, చేయనిదానికి ఎవరి నడుగవలెనో తెలియును. చెడ్డ సభను గద్దె దింపు దినమును చట్టము ముందే వ్రాసిపెట్టినది. ప్రత్యేకాధికారి పాలనకు అట్టి దినము లేదు. పొడిగింపు మీద పొడిగింపే యున్నది. మునిసిపాలిటీలో లంచములున్నవని ఎన్నికలు మానవలెనన్నచో, అదే న్యాయమున శాసనసభను మాత్రము ఏల యుంచవలెను?

నిధుల విషయమును గూడ పురజనులు ఆలోచింపవలెను. 2015 నుండి 2020 వరకు వర్తించిన 14వ ఆర్థిక సంఘము తన నిధులను విధివిహితముగా ఏర్పడిన పంచాయతీలకును, పురపాలక సంఘములకును ఉద్దేశించినది. సభ లేని పట్టణము పౌరుని వోటునే గాక, కేంద్రపు సొమ్మును అడుగుటకు గల బలమును గూడ పోగొట్టుకొనుచున్నది.

ఎన్నిక తేదీ ప్రకటింపబడినను మా మాట పూర్తి కాదు. తేదీలు ప్రకటింపబడుటయు వెనుకకు పోవుటయు మనము చూచినవే. సభ ఏర్పడి ప్రమాణము చేయు దినము వరకు క్రొత్త పన్ను విధింపరాదు. పురపు స్థలమును దీర్ఘకాలపు కౌలునకు ఈయరాదు. ప్రత్యేకాధికారి నెలకొక దినమున తలుపులు తెరచిన సభాభవనమున కూర్చుండి, ఆ నెల రాబడిని, వ్యయమును వార్డుల వారీగా తెలుగున చదివి వినిపింపవలెను. అది చేయుటకు ఏ కోర్టు నిషేధమును అడ్డురాదు, ఏ విలీన వివాదమును తేలనక్కర లేదు.

పురజనులకును మా మనవి యొకటి కలదు. మనము ఈ యేండ్లన్నియు కొంత మనయంతట మనమే ఊరకుంటిమి. రథసప్తమికి అరసవిల్లి త్రోవలు బాగుచేసినంత మాత్రమున తృప్తిపడి, తక్కిన దినములను మరచితిమి. ఇక వార్డుకొక అర్జీ వ్రాయుడు. వీధివారందరును దానిమీద చేవ్రాలు చేయుడు. అందు మూడు ప్రశ్నలు చాలును: మా వార్డునుండి ఏటికెంత పన్ను వసూలైనది? మా వార్డులో నెంత వ్యయమైనది? మా సభ్యుని మేమెన్నుకొను దినమెన్నడు? ఆ అర్జీని సమాచార హక్కు చట్టము క్రింద దాఖలు చేయుడు. ముప్పది దినములలో జవాబు రావలెను. రసీదు తీసికొనుట మరువవలదు.