పాతిపెడుతున్నది ఎవరి తలాంతులు?

విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ బడి 1847లో మొదలైంది. అక్కణ్నుంచి లెక్కేస్తే తెలుగునాట కథోలిక విద్యకు నూట డెబ్బై ఏళ్లు దాటాయి. ఆ తర్వాత పల్లెల్లో వెలసిన ఆర్‌.సి.ఎం. (రోమన్ కేథలిక్ మిషన్) బడుల్లో, హాస్టళ్లలో దళితవాడల పిల్లలు ఓనమాలు దిద్దుకున్నారు. మిగతా ఊరు వాళ్లను అరుగు ఎక్కనివ్వని రోజులవి. తెలుగువారిలో తొలి కార్డినల్ పూల ఆంథోనీ గారి చదువు కూడా పేదరికంతో ఆగిపోయే దశలో మిషనరీల చేయూతతోనే ముందుకు సాగింది.

ఇప్పుడు పట్టణాల్లో కనిపిస్తున్న దృశ్యం వేరు. ఆదివారం పూజలో పాట ఎత్తుకునే కూలీ బిడ్డకు, ఆ గుడి ఆవరణలోనే ఉన్న ఇంగ్లీషు మీడియం బడిలో చోటు దొరకడం కష్టం. గుడిలో కానుక ఎంతయినా వెయ్యవచ్చు, బడిలో ఫీజు అలా కాదు. అన్నిచోట్లా ఇంతే అనడం అన్యాయం. రాయితీలు ఇచ్చి, అప్పులు మోస్తూ నెట్టుకొస్తున్న సిస్టర్లు ఉన్నారు. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

యాజమాన్యాల ఇబ్బందిలో నిజం లేకపోలేదు. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అవుతుంటే ప్రభుత్వాలు ఏళ్ల తరబడి భర్తీ చేయలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా ఎయిడ్‌నే వదులుకోమంది. అప్పుడు విశాఖ జ్ఞానాపురంలో ఒక ఎయిడెడ్ బడి పిల్లల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ బడి పోతే తమ పిల్లలు ఎక్కడికి పోవాలన్నదే వారి ఆందోళన. ఆ ప్రశ్న ప్రభుత్వానికి ఎంత తగులుతుందో బడులు నడిపే మేత్రాసనాలకూ అంతే తగులుతుంది.

వార్షికోత్సవాల్లో తలాంతుల ఉపమానం వినిపించని కథోలిక బడి ఉండదు. ఒక్క తలాంతు అంటే ఆనాటి కూలీకి దాదాపు ఇరవై ఏళ్ల సంపాదన. అంత సొమ్మును మట్టిలో పాతిన సేవకుణ్ని యజమాని గద్దించాడని పిల్లలకు చెబుతాం, మరునాడు పదో తరగతి మార్కుల ఫ్లెక్సీ కడతాం. అయితే మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయం అక్కడితో ముగియదు. ఆ వెంటనే వచ్చేది తీర్పు ఘట్టం. అక్కడ రాజు అడిగేది ఆకలిగొన్నవాడి గురించి, బట్టలేనివాడి గురించి, చెరసాలలో ఉన్నవాడి గురించి. ర్యాంకు ప్రస్తావనే లేదు. మన ప్రసంగాలు మాత్రం మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాయి.

ఇక సేవ. ఏడాదికోసారి అనాథాశ్రమంలో అరటిపళ్లు పంచి, ఫొటో దిగి, సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకోవడంగా అది మారిపోతోంది. పేదపిల్లవాడు అదే బెంచీ మీద పక్కన కూర్చుంటే, పంచిపెట్టడం కన్నా కష్టమైన పాఠం ఒకటి కలిగినింటి పిల్లలకు అబ్బుతుంది. సాటివాడితో పోటీపడటం, వాడి చేతిలో ఓడిపోవడం, వాడి దగ్గర నేర్చుకోవడం. పళ్లబుట్ట ఇవేవీ నేర్పదు.

1973లో వాలెన్సియాలో జెస్విట్ బడుల పూర్వ విద్యార్థుల సభలో అప్పటి జెస్విట్ల అధినేత ఫాదర్ పెడ్రో అర్రుపే, మీకు న్యాయం నేర్పామా అని ప్రశ్నించి, లేదని తానే ఒప్పుకున్నారు. సభికుల్లో కొందరికి కోపం వచ్చింది. సభ పెట్టిన వారినే ఇబ్బంది పెట్టేంత ధైర్యం ఇవాళ మన వేదికల మీద అరుదు.

ముప్పు న్యాయస్థానం వైపు నుంచీ రావచ్చు. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని ప్రమతి కేసులో సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పునే శంకించి, పునఃపరిశీలనకు ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. సొంత బడులు నడుపుకునేందుకు రాజ్యాంగం ముప్పయ్యో అధికరణం మైనారిటీలకు ఇచ్చిన హక్కును వాదించేటప్పుడు న్యాయవాది చేతిలో చట్టంతో పాటు లెక్కలూ ఉండాలి. పేదలను చేర్చుకోని బడి ఆ లెక్కలు ఎక్కణ్నుంచి తెస్తుంది? హక్కు పోతే నష్టపోయేది పెద్ద బడులు కావు, పల్లెలో మిగిలిన చిన్న బడులు.

కాబట్టి వచ్చే జూన్ ప్రవేశాలకు ముందే ప్రతి మేత్రాసనం తన బడుల వివరాలు బయటపెట్టాలి. విచారణ (పారిష్)లోని పేద పిల్లలు ఎందరు, ఇతర మతాల పేదలు ఎందరు, ఫీజు మాఫీ ఎందరికి, టీచర్లకు జీతం ఎంత. ఆ కాగితం గుడి నోటీసు బోర్డు మీద అతికించాలి, బిషప్ గారి ఫైల్లో కాదు.