స్టార్ గుర్తు పెట్టింది మీరే కదా!

డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,
కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి, న్యూఢిల్లీ.



నాది నెల్లూరు జిల్లా పడమటి కొస, ఉదయగిరి. బస్టాండుకు నాలుగడుగుల దూరంలో నెట్ సెంటర్ పెట్టుకుని బతుకుతున్నాను. అంతకు ముందు ఆత్మకూరులో ఇంకొకరి సెంటర్లో కీబోర్డులు అరగ్గొట్టాను. రెండు చోట్లా కలిపి పద్నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో జనానికి నేను తెరిచిచ్చిన మెయిల్ ఐడీలు వేలల్లో ఉంటాయి. ఒక ఉత్తరం రాసుకుందామని తెరిపించుకున్నవాళ్ళు వాళ్ళలో పదిమంది ఉంటారేమో. మిగతావాళ్ళంతా ఏదో ఒక ఫారంలో మెయిల్ ఐడీ గడి పక్కన ఎర్రటి స్టార్ గుర్తు ఉంది కాబట్టి తెరిపించుకున్నారు. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. మీకు తెలియంది కాదు.

2025 నవంబర్ 28న మీ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కొత్తగా వచ్చే ప్రతి ఫోన్‌లోనూ సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఉండాలని, అందుకు కంపెనీలకు 90 రోజులు గడువని. దేశమంతా గోలెత్తింది. డిసెంబర్ 3కల్లా ఆ తప్పనిసరి మాట వెనక్కి తీసుకున్నారు. నిఘా అనీ గోప్యత అనీ పెద్దవాళ్ళు చాలా మాట్లాడారు, ఆ జోలికి నేను పోను. అంత ముఖ్యమైన యాప్ అయితే మావాళ్ళకు ఎంతో కొంత పనికొస్తుందేమోనని ఆ వారమే నా ఫోన్‌లో వేసుకున్నాను. చేతిలో ఒక దొంగ మెయిల్ సంగతి ఉంది, ఫిర్యాదు చేద్దామని. అందులో ‘చక్షు’ అని ఒకటి కనబడింది. మోసపు సందేశాలు వస్తే చెప్పుకునే చోటు అదే. తెరిచాను. ఎందులో వచ్చిందని అడిగింది. కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్. అంతే. కిందికి జరిపి చూశాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ తెరిచాను. మెయిల్ లేదు. చక్షువంటే కన్నని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ కంటికి మెయిల్ ఆనలేదు.

ఆ దొంగ మెయిల్ ఏమిటో కూడా వినండి. మా ఊరి చెక్క చెంచాలకు జీఐ గుర్తింపు ఉందని మీరు వినే ఉంటారు. నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చేస్తారు. ఆ పని చేసే ఒకావిడ ఒకరోజు మధ్యాహ్నం వచ్చింది. వేళ్ళ సందుల్లో రంపప్పొడి అలాగే ఉంది, ఫోన్ అద్దం మీద కూడా. “అబ్బయా, ఫారిన్ నుంచి ఆర్డరు వచ్చుండాది, సదువు” అని ఫోన్ నా చేతిలో పెట్టింది. రెండు వేల సెట్లు కావాలంట. ముందుగా రిజిస్ట్రేషన్ కింద పద్దెనిమిదిన్నర వేలు లింకులో కట్టాలంట. పైన ఏదో ఎంపోరియం పేరు దొడ్డ అక్షరాల్లో ఉంది, పక్కన మూడు సింహాల బొమ్మ కూడా. ఆ పేరు మీద వేలు నొక్కితే అసలు చిరునామా బయటపడింది: అర్థం లేని అక్షరాలు, అంకెలు, చివర ఎన్నడూ వినని తోక. ఇది దొంగదమ్మా, కట్టొద్దు అన్నాను. డబ్బు మిగిలినందుకు సంతోషిస్తుందనుకున్నాను. “అయితే ఆర్డరు లేదా?” అంది. రెండు రోజులుగా ఇంట్లో అందరూ కర్ర లెక్క వేసుకుంటున్నారట.

ఆమె మెయిల్ ఐడీ వాళ్ళకెలా దొరికింది? నేనే తెరిచిచ్చాను, ఏదో శిక్షణకు దరఖాస్తు పెట్టడానికి. ఆమె చెంచాలు చేస్తుందని వాళ్ళకెవరు చెప్పారు? ఆ దరఖాస్తు ఎక్కడెక్కడ తిరిగింది? ఎవరినడగాలి?

మెయిల్ మా శాఖ కిందికి రాదు, ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖది అంటారు. నిజమే. అయినా మీకే రాస్తున్నాను. ఒకటి, తెలుగు చదవగలరు. రెండు, పరీక్షలకు ఆన్‌లైన్‌లో తయారు చేసే సంస్థను పెట్టి నడిపినవారు, మెయిల్ పెట్టె ఎలా నిండుతుందో మీకు చెప్పక్కర్లేదు. మూడోది అసలైనది: తపాలా మీ శాఖదే. ఉత్తరం పంపడం వేరు, ఉత్తరం అందడం వేరు అన్న తేడా ఈ దేశంలో ఎవరికైనా తెలుసంటే పోస్టుమ్యాన్‌కు తెలుసు.

సీతారామపురం వైపు నుంచి ఒక కుర్రాడు వస్తుంటాడు. డిగ్రీ అయింది. ఒక ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాడు. సర్టిఫికెట్లు చూపించడానికి పిలుపు రావాలి. రాలేదు. తోటివాళ్ళు వెళ్ళొచ్చారని తెలిసి ఫోన్ చేస్తే “మీకు మెయిల్ పంపాం కదా” అన్నారట. పరుగెత్తుకుంటూ వచ్చాడు. “అన్నా, పంపినామంటుండారు. యాడుందో చూడన్నా.” తెరిచాం. చదవనివి పద్నాలుగు వేల పైచిలుకు. లోన్ ఆఫర్లు, కోర్సులు, లక్కీ డ్రాలు, పాన్ కార్డు డౌన్‌లోడ్ చేసుకోమని, ట్యాక్స్ రీఫండ్ వచ్చిందని. పాపం, అతను ట్యాక్స్ కట్టిందెప్పుడు? ఆ సంస్థ పేరు కొట్టి వెతికాం. లేదు. స్పామ్ పెట్టె తెరిచాం. అందులో ఉన్నవన్నీ నెల లోపువే. జీమెయిల్ స్పామ్ పెట్టెలో పడింది 30 రోజులకు తనంతట తనే చెరిగిపోతుంది. పిలుపు పంపామన్న తేదీ నుంచి లెక్కేస్తే అతను వచ్చింది 34వ రోజున. అది అందులో పడి చెరిగిందో, అసలు పంపనే లేదో, ఇక దేవుడికే తెలియాలి. ఆ కుర్రాడు కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు. గంటకు ఇరవై రూపాయలు తీసుకుంటాను నేను. ఆ రోజు అడగలేదు.

పూర్వం ఇలాంటి పిలుపులు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చేవి. ఇంటికొచ్చి, పేరు అడిగి, సంతకం తీసుకుని ఇచ్చేవారు. మనిషి లేకపోతే మర్నాడు మళ్ళీ వచ్చేవారు. అక్నాలెడ్జిమెంట్ కార్డు పంపినవాడికి తిరిగి వెళ్ళేది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కలిపితే కలిపారు, దాని మీద నాకు తగువు లేదు. కానీ సంతకం తీసుకునే ఆ పద్ధతి స్థానంలోకి వచ్చింది ఏమిటి? “మెయిల్ పంపాం.” పంపితే సరి, అందినట్టే. అందలేదని నిరూపించుకోవాల్సింది సీతారామపురం కుర్రాడు. ఏ కార్డు చూపించి నిరూపించుకోవాలి?

కాల్స్, ఎస్సెమ్మెస్‌ల విషయంలో మీరేమీ చేయలేదని అనను. అంటే అబద్ధమవుతుంది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో వాటికి పదును పెట్టారు. ఇప్పుడు ఎస్సెమ్మెస్ పంపినవారి పేరు చివర పీ ఉంటే ప్రచారమనీ, జీ ఉంటే ప్రభుత్వమనీ మా కస్టమర్లకు నేర్పిస్తున్నాను, పట్టుకున్నారు కూడా. ఫిర్యాదుకు మూడు రోజులున్న గడువు ఏడు రోజులైంది. ఫిర్యాదు చేయడానికి 1909 నంబరు ఉంది. మరి మెయిల్‌కు 1909 ఏదండీ? అందులో పీ ఏది, జీ ఏది? ఎస్సెమ్మెస్ దారి మూస్తే మోసగాడు మెయిల్ దారిన రాడా? మంచినీళ్ళ బావికి గోడ కట్టి, పక్కనున్న బావిని వదిలేస్తే పిల్లలు పడరా?

డబ్బు పోయాక చెప్పుకోవడానికి 1930 నంబరు ఉందంటారు. ఉంది. నేనే ఇద్దరికి కలిపిచ్చాను. పోకముందు ఎవరున్నారు?

చట్టం సంగతి. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌లో, విసిగించడానికో, ఎవరు పంపారో తెలియకుండా మభ్యపెట్టడానికో పంపే మెయిళ్ళ గురించి ఒక ముక్క ఉండేది. ఆ సెక్షన్ కిందే ఫేస్‌బుక్ రాతలకు మనుషుల్ని అరెస్టు చేయడం మొదలయ్యాక, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని మొత్తంగా కొట్టేసింది. మంచి పనే చేసింది. కానీ ఆ ఒక్క ముక్క స్థానంలో పదేళ్ళయినా ఇంకో ముక్క రాలేదే? అమెరికా 2003లోనే ఇలాంటి మెయిళ్ళ మీద చట్టం చేసుకుంది. దాంతో అక్కడ చెత్త ఆగిపోయిందని కాదు. కనీసం వ్యాపార మెయిల్ పంపినవాడు తన చిరునామా చెప్పాలి, వద్దంటే పది పనిరోజుల్లో మానాలి. అసలీ చెత్త జాతి మొదటి మెయిల్ 1978లో అక్కడే పుట్టింది. ఒక కంప్యూటర్ కంపెనీ సేల్స్ మనిషి తమ సరుకు గురించి దాదాపు 400 మందికి ఒకేసారి పంపితే, ఆ నెట్‌వర్కు చూసే అధికారులు అప్పుడే గట్టిగా మందలించారు. నాలుగొందల మందికి! మా కుర్రాడి ఒక్కడి పెట్టెలోనే పద్నాలుగు వేలున్నాయి, ఎవరిని మందలించారు?

డేటా రక్షణ చట్టం వచ్చింది కదా అంటారు. 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో కూడా చెప్పాలట, ఒప్పుకోవడం ఎంత తేలికో వద్దనడమూ అంతే తేలికగా ఉండాలట. చదివి సంతోషించాను. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు పడుతుందని కింద ఉంది. అంటే 2027 మే. అప్పటిదాకా? ఈలోపు మా వివరాలు అమ్ముకున్నవాడు అమ్ముకోవచ్చా? రోజుకు 5,000 దాటి మెయిల్ పంపేవాళ్ళు తామెవరో రుజువు చూపాలని, ఒక్క నొక్కుతో వద్దనే వీలివ్వాలని గూగుల్ 2024 ఫిబ్రవరిలోనే నియమం పెట్టింది. అమెరికా కంపెనీ చేయగలిగింది మన సర్కారు చేయలేదా?

      

నా వంతు నేను చేస్తూనే ఉన్నాను. ఫారాలకు ఒక ఐడీ, బ్యాంకుకు ఇంకో ఐడీ పెట్టుకోమంటాను. పేరు మీద నొక్కి అసలు చిరునామా చూడమంటాను. బ్యాంకు వెబ్‌సైటైతే చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందో లేదో చూడమంటాను. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ అందులోకి మారాలని రిజర్వు బ్యాంకే చెప్పింది. మెయిల్‌లో బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా ఆపి ఇస్తాను, ఎందుకంటే ఆ బొమ్మ తెరుచుకుంటే మెయిల్ చూశారని పంపినవాడికి తెలిసిపోతుంది. తెలిసిన కంపెనీ అయితే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కమంటాను, ముక్కూమొహం తెలియనివాడైతే నొక్కొద్దంటాను. నొక్కితే ఇక్కడ మనిషి ఉన్నాడని వాడికి మనమే చెప్పినట్టు. వారానికోసారి స్పామ్ పెట్టె చూసుకోమంటాను. వింటారు, తలూపుతారు, పొలానికి వెళ్ళిపోతారు. వరి నాట్ల రోజుల్లో స్పామ్ పెట్టె ఎవరు చూస్తారండీ? చూడమని చెప్పడానికి నాకే సిగ్గేస్తుంది.

నా తప్పు కూడా ఒకటుంది, దాచను. మొదట్లో చాలామందికి ఐడీ తెరవడానికి ఓపిక లేక నా ఐడీనే వేసేసేవాణ్ణి. మా చుట్టుపక్కల సెంటర్లన్నీ చేసిన పనే. ఇప్పుడు నా పెట్టెలో ఎవరెవరివో రైతుల బీమా రసీదులు, ఎవరి కూతురిదో హాల్ టికెట్, కువైట్‌లో ఉన్న ఎవరి కొడుకుదో టికెట్టు, వాటి మధ్య వందల కొద్దీ చెత్త. ఏది ఎవరిదో వెతికి ఫోన్ చేసి చెప్పడం రాత్రి తొమ్మిది తర్వాత నా పని. కొన్ని నంబర్లు పనిచేయవు. కొందరు లేరు. లేనివాళ్ళ పేరు మీద కూడా లోన్ ఆఫర్లు ఆగకుండా వస్తున్నాయి.

ఏం చేయమంటావని మీరు అడగొచ్చు. చట్టాలు రాసే చదువు నాది కాదు. ఐడీ తప్పనిసరి అన్నవాళ్ళే అందులోకి వచ్చేదాన్ని కూడా కాస్త చూసుకోవాలి, అంతకన్నా నాకు చెప్పడం రాదు. మీరూ, ఐటీ శాఖవారూ ఒకచోట కూర్చుని ఏదో ఒకటి చేయండి. కనీసం ఆ చక్షులో నాలుగో గడి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ఇది రాస్తుండగా కౌంటరు దగ్గరికి మర్రిపాడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో కీప్యాడ్ ఫోను, సంచిలో ఆధార్ జిరాక్సులు. ఫారం సగం నింపాను. మెయిల్ ఐడీ గడి దగ్గర ఆగింది, పక్కన ఎర్ర స్టార్. ఆయనకు లేదు. నాది వెయ్యడం మానేశాను. ఎవరిది వెయ్యమంటారు?

ఇట్లు,
ఉదయగిరి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే మనిషి