వకీలు లేని ముద్దాయిలు

2010లో దిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో, ఆ వెంటనే గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రిలే స్వర్ణాలు తెచ్చిన అమ్మాయిలను దేశం నెత్తిన పెట్టుకుంది. ఏడాది తిరక్కుండానే వారిలో ముగ్గురు సహా ఆరుగురు మహిళా అథ్లెట్లు డోపింగ్‌లో పట్టుబడ్డారు. కోచ్ యూరీ ఒగొరొద్నిక్ ఇచ్చిన జిన్సెంగ్ మాత్రలే వేసుకున్నామని మొరపెట్టుకున్నారు. ఇక్కడ ఏడాది నిషేధం వేస్తే, 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. కోచ్‌ను తొలగించినవారే కొన్నేళ్లకు జాతీయ శిబిరానికి మళ్లీ పిలిచారు.

ఒంట్లో ఏ మందు దొరికినా బాధ్యత అథ్లెట్‌దేనంటుంది ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి. ఆ సూత్రం అవసరమే. లేకుంటే దొరికిన ప్రతివారూ తెలియదనే తప్పించుకుంటారు. అయితే తన తప్పు లేదని తేలాలంటే ఆ మందు ఎలా చేరిందో కూడా అథ్లెటే నిరూపించాలి. అందుకు ప్రయోగశాల పరీక్షలు, నిపుణుల నివేదికలు కావాలి. న్యాయవాదిని పెట్టుకోవచ్చు, సొంత ఖర్చుతో. అభియోగం అందిన 20 రోజుల్లో నేరం ఒప్పుకుంటే నాలుగేళ్ల శిక్షలో ఏడాది తగ్గుతుంది. నోటీసు చదివి చెప్పే దిక్కులేని పల్లె క్రీడాకారిణి ఆ కాగితంపై సంతకం పెట్టక ఏం చేస్తుంది?

2024లో టెన్నిస్ అగ్రతార యానిక్ సినర్ నమూనాల్లో నిషిద్ధ మందు క్లోస్టెబాల్ బయటపడింది. ఫిజియో తన వేలి గాయానికి కొట్టుకున్న స్ప్రే నుంచి మసాజ్ ద్వారా అది చేరిందని సినర్ బృందం నిపుణులతో నిరూపించింది. తప్పు లేదని ట్రైబ్యునల్ తేల్చింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) అప్పీలుకు వెళ్లినా చివరికి మూడు నెలల నిషేధంతో రాజీ కుదిరింది. సినర్‌ను మేం వేలెత్తి చూపడం లేదు. కానీ అదే నిజం మన రాష్ట్రస్థాయి వెయిట్‌లిఫ్టర్ చెబితే, నమ్మించే స్తోమత ఎక్కడిది?

ఈ అన్యాయానికి జవాబు చెప్పాల్సింది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా), కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ. నోటీసు ఇచ్చిన రోజే ఉచిత న్యాయవాదిని ఇవ్వాలి. మాత్రల పరీక్ష ఖర్చు ప్రభుత్వమే భరించాలి. అథ్లెట్‌కు తన భాషలో సలహా అందాకే ఒప్పుకోలు చెల్లాలి. మైనర్లు పట్టుబడితే వారి సహాయక సిబ్బందిపై దర్యాప్తు తప్పనిసరని నియమావళి ఇప్పటికే చెబుతోంది. ప్రతి కేసులోనూ అదే జరగాలి. పతకం వచ్చినప్పుడు కోచ్‌కు నగదు పురస్కారం ఇస్తున్నాం. నమూనా పాజిటివ్ వచ్చినప్పుడు బోనులో కూడా ఆయనకు చోటుండాలి.