బడిలోని బతుకమ్మ

వానకారు కడపటి మబ్బులు విడిపోయి ఆశ్వయుజము దగ్గరపడగానే నల్లగొండ, పాలమూరు మెట్టసీమలు రంగు మార్చుకొనును. ఎర్రమట్టియు రాతిగుట్టలును తప్ప మరేమియు కానరాని బీళ్ళలో తంగేడు పసుపు పరచును. జొన్నచేల గట్లపై గునుగు తెల్లని కుచ్చులెత్తును. ఈ దినములలోనే ఇక్కడి ప్రాథమిక పాఠశాలలలో ఒక ముచ్చటైన దృశ్యము కానవచ్చును. దసరా సెలవులకు ముందటి దినమున బాలికలు పట్టులంగాలు కట్టుకొని, ఇంటినుండి తెచ్చిన పూలతో బతుకమ్మను పేర్చి, బడి ముంగిట దానిని నిలిపి చప్పట్లు చరచుచు చుట్టు తిరుగుదురు. ఒక గంట ఆట, రెండు ఛాయాచిత్రములు, మధ్యాహ్న భోజనము. పిమ్మట గదులకు తాళములు పడును.

ఈ ఆటను తేలికగా చూడరాదు. నిజాము పాలనలో ఉర్దూ రాజభాషయై, చదువులకు అదియే మాధ్యమమై యున్న కాలమున పల్లెపడుచుల పాటకు ప్రభుత్వ పాఠశాల గడప దాటు యోగము లేకుండెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట బతుకమ్మ రాష్ట్ర పండుగ యైనది. తంగేడు రాష్ట్ర పుష్పమైనది. ఊరి సంబురము సర్కారు బడి ముంగిటికి వచ్చుట సంతోషింపదగిన మార్పే. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. పండుగ బడిలోనికి వచ్చినది గాని, పాఠములోనికి వచ్చినదా? ముంగిట ఆడిన బాలిక ఎరిగినదానిని తరగతి గది ఎరుగునా?

ఆమె ఎరిగినది తక్కువ కాదు. తాంబాళములో గుమ్మడి ఆకులు పరచి, అంచువెంట తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలను వరుసలుగా పేర్చి, నడుమ ఆకులను, తుంచిన కాడలను కూరి, ఒక్కొక్క వరుసకు చుట్టు తగ్గించుచు శిఖరమునకు తెచ్చుట చిన్న విద్య కాదు. వలయము చిన్నదైనకొలది పూలెన్ని తగ్గవలెనో ఆమె వ్రేళ్ళకు తెలియును. నాలుగైదు సంవత్సరముల తరువాత గణితోపాధ్యాయుడు వ్యాసము, పరిధి అని నల్లబల్లపై వ్రాయునది ఆమె ముందే చేసి చూపినది. గునుగు వాడదనియు, దానికి రంగులద్దవచ్చుననియు ఆమెకు తెలియును. తంగేడు ఏ బీటిలో దొరకునో, ఏ గుట్టకు పోరాదో తెలియును. రైతుకు కలుపైన గునుగు తనకు పూవైనదని తెలియును. కలుపుమందు చల్లిన చేలలో గునుగు మొలవదనియు, ఇండ్ల ప్లాట్లుగా గీసిన బీళ్ళలో తంగేడు మిగులదనియు పెద్దలకంటె ముందుగా గమనించునది పూలు వెదకబోవు పిల్లలే. ప్రకృతిశాస్త్రమునకు ఇంతకంటె మంచి ఆరంభము ఏ పుస్తకములో దొరకును?

పండుగ తొమ్మిది దినముల క్రమమే ఒక పాఠము. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్యనాడు. సద్దుల బతుకమ్మ అష్టమినాడు. మొదటి రాత్రి ఆకాశమున చంద్రుడు లేడు; తొమ్మిదవ రాత్రి బతుకమ్మలను చెరువునకు సాగనంపునప్పుడు అర్ధచంద్రుడు నెత్తిమీద నుండును. నడుమనున్న దినములలో దినమున కొకింత పెరుగు చంద్రరేఖను నోటు పుస్తకములో గీయుమని బాలలకు చెప్పిన, తిథి యన నేమో బోధించుటకు వేరొక బొమ్మ అక్కరలేదు. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు, వెన్నముద్దలు అను దినముల పేర్లలోనే మెట్టసీమ వంటయిల్లు కలదు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ యని పూలు పేర్చకుండుట ఎందులకో పిల్లలు ఇంటిలో అడిగి వచ్చిన, ఒక్కొక్క అవ్వ ఒక్కొక్క కథ చెప్పును. పాఠము పూర్తయిన తరువాత పూలు చేరునది చెరువునకే. నల్లగొండ పట్టణము చెంత పానగల్లులో కందూరు చోడుల కాలమునాటి ఉదయసముద్రము నేటికిని నిలిచియున్నది. వర్షము తక్కువైన ఈ గట్టునేలలో చెరువే ఊరికి ప్రాణమని పిల్లలకు చూపుటకు అంతకంటె సాక్ష్యమేల?

ఈ పాటలకు, ఆచారములకు పండితలోకమున ఆదరము లేకపోలేదు. పాలమూరు సీమ బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించి తెలుగునకు నిలువనీడ కల్పించుటయే గాక, పండుగలపై ప్రత్యేకముగా గ్రంథము రచించెను. ప్రజల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రగా నిలిపిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. ఆ దశకముననే బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయములో జానపద గేయసాహిత్యమును పరిశోధించి డాక్టరేటు పొందెను. విశ్వవిద్యాలయము విద్యగా అంగీకరించిన దానిని ప్రాథమిక పాఠశాల ఇంకను వినోదముగానే ఎంచుట వింత.

2018లో రాష్ట్రము పాఠశాలలన్నిటను తెలుగు బోధనను తప్పనిసరి చేయుచు చట్టము చేసినది. 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. తలిదండ్రులు కోరిన ఆంగ్లమును కాదనుట ఇచట ఉద్దేశము కాదు. తనకు తెలిసినదానిని గూర్చి తన మాటలలో నాలుగు వాక్యములు ధైర్యముగా చెప్పిన బిడ్డయే తరువాత ఏ భాషలోనైనను నోరు విప్పగలదు. తెలియని పూల పేర్లను తెలియని భాషలో వల్లించిన బిడ్డ, పేర్లు నేర్చినను, మాటలాడుట నేర్వదు.

పైదంతయు బోధనకు సంబంధించిన మాట. అంతకంటె బరువైన మాట వేరొకటి కలదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో అక్షరాస్యత తక్కువైనది మహబూబ్‌నగర్. సుమారు 55 శాతము. స్త్రీలలో అది 45 శాతమునకును చేరలేదు. నల్లగొండలో స్త్రీల అక్షరాస్యత 54 శాతము. ఈ అంకెల వెనుకనున్నవారు ఒకనాడు బడి ముంగిట ఆడవలసిన పిల్లలే. అనేకుల చదువు ఆగుటకు ఆశ్వయుజ, కార్తికములతో సంబంధము కలదు. తంగేడు పూచిన కాలమే పత్తి పగులు కాలము. చేను తెల్లబడగానే ఏరుటకు చేతులు కావలెను. సెలవులలో చేనికి పోయిన పిల్ల సెలవులు ముగిసినను చేనులోనే మిగులును.

గద్వాల ప్రాంతము సంకర పత్తి విత్తనములకు పేరు పొందినది. 1970లో సూరతు పరిశోధన కేంద్రమునుండి మొదటి వాణిజ్య సంకర పత్తి వంగడము వెలువడినది మొదలు ఈ విత్తనోత్పత్తి చేతిపనిగానే సాగుచున్నది. సాయంకాలము మొగ్గను విప్పి కేసరములు తీసివేయవలెను. మరునాటి ఉదయము వేరొక పూవు పుప్పొడిని కీలాగ్రముపై అద్దవలెను. పని సున్నితము, కూలి తక్కువ యని బాలికలను ఈ పనికి పెట్టుట ఏండ్ల తరబడి సాగి, దేశమంతట విమర్శకు గురియైనది. బతుకమ్మను పేర్చు నేర్పుగల వ్రేళ్ళే అక్కడ కూలికి అమ్ముడుపోయినవి. పూవు ఒకచోట చదువు కాదగినది. ఒకచోట చదువును మ్రింగినది.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు చదువు హక్కని చెప్పినది. 2016 సవరణము పదునాలుగేండ్లలోపు వారిని పనిలో పెట్టుటను నిషేధించినది. కాని కుటుంబపు పనిలో బడి వేళల తరువాతను, సెలవులలోను సాయపడుటకు వెసులుబాటు ఇచ్చినది. దసరా సెలవులు ఆ వెసులుబాటుకు వాకిలి వంటివి. పాలమూరునుండి మేస్త్రీల వెంట దూరదేశములకు వలసపోవు కుటుంబములకును ఇదే కాలము. ఎత్తిపోతల నీరు వచ్చిన ఊళ్ళలో వలస తగ్గినది గాని, అంతట ఆగలేదు.

రవీంద్రనాథ ఠాకూరు 1908లో శాంతినికేతన బాలురకొరకు ‘శారదోత్సవ్’ అను నాటకము రచించెను. శరత్కాలపు సెలవు దినమున పిల్లలందరు ఆటకు పరుగెత్తుచుండగా ఉపనందు డను బాలుడు మాత్రము మరణించిన గురువు అప్పు తీర్చుటకై కూర్చుండి పుస్తకములకు ప్రతులు వ్రాయుచుండును. సన్న్యాసి వేషమున వచ్చిన రాజు ఆ పిల్లవాని చెంత కూర్చుండి ఆ పనిలో పాలుపంచుకొనును. ఆటలో చేరని బిడ్డ ఎక్కడనున్నాడని వెదకిన ఉత్సవమే ఉత్సవమని ఆ నాటకమునుండి ఉపాధ్యాయులు గ్రహింపవచ్చును.

అట్టి ఉత్సవమునకు పెద్ద వ్యయము అక్కరలేదు. సెలవులకు పక్షము దినములు ముందుగా ఒక పూట పిల్లలను ఊరి బీళ్ళకు కొనిపోయి పూల పేర్లు వారిచేతనే చెప్పించి వ్రాయింపవచ్చును. ఊరి అవ్వల నొకరిద్దరిని పిలిచి బడిలో పాడించి, ఆ పాటలను నాలుగైదు తరగతుల పిల్లలచేత వ్రాయింపవచ్చును. నిశానీవారైన అవ్వలు తమ పాట అక్షరములలో నిలుచుటను చూతురు. పూలు కోసి తెచ్చు మగపిల్లలకును, అన్యమతస్థుల బిడ్డలకును ఈ పాఠములో సమాన భాగము కలదు. తంగేడు అందరి బీటిలోను పూయును. కాగితపు పూలు, అద్దె మైకులు లేకున్నను లోపము లేదు.

ఒక్క ఉపాధ్యాయుడే అయిదు తరగతులను నడుపుచు, నివేదికలు పంపుచు, భోజనము చూచుకొను బడులు ఈ సీమలో కలవు. వారిపై మరొక బరువు మోపుట న్యాయమా యని అడుగువారు ఉందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చాలినంతమంది ఉపాధ్యాయులను నియమించుట ప్రభుత్వ ధర్మము. అయినను పై పాఠము పాఠ్యప్రణాళికకు అదనము కాదు. గణితము, భాష, పరిసరముల విజ్ఞానము అను మూడు పాఠములు ఒకే పూలతట్టలో దొరకును.

చివరి పని సెలవుల తరువాతిది. ఆటనాడు ఎవరెవరు వచ్చిరో బడి ఎరుగును. తలుపులు తెరచిన మొదటి దినమున హాజరుపట్టీ చదువుచు, పలుకని పేరునకు ఎదుట గీత గీసి ఊరకుండక, ఆ సాయంకాలమే ఆ యింటికి పోవలెను. చేనులో ఉన్నదా, వలస పోయినదా, చెల్లెలిని ఎత్తుకొని యున్నదా యని విచారింపవలెను. తలిదండ్రులు మొదటిసారి వినకపోవచ్చును. తోటి పిల్లలు, ఊరి పెద్దలు తోడైన రెండవసారి విందురు. తన పాటను తన పేరుతో బడి గోడపై వ్రాసియుంచినారని తెలిసిన బిడ్డకు తిరిగి వచ్చుటకు ఒక కారణము అదనముగా నుండును.