నోబెల్‌ బిట్‌లో పేర్లే కాదు.. కారణమూ ముఖ్యం!

2023 వైద్య నోబెల్‌ ఎవరికి? కాటలిన్‌ కరికో, డ్రూ వైస్‌మన్‌.. టక్కున చెప్పేస్తారు. ఎందుకిచ్చారంటే ‘ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు’ అని సరిపెట్టేస్తారు. ఇదే ప్రశ్న స్టేట్‌మెంట్ల రూపంలో వస్తే బట్టీ పట్టినవాళ్లు తడబడేది ఇక్కడే.

అసలు సంగతేంటి?

ల్యాబ్‌లో తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏను శరీరం శత్రువు అనుకునేది. దాంతో ఇన్‌ఫ్లమేషన్‌ మొదలయ్యేది. దీనికి కారణం మనకు పుట్టుకతోనే వచ్చే సహజ రోగనిరోధక వ్యవస్థ. దాని కాపలాదారుల్లో ముఖ్యమైనవి టోల్‌ లైక్‌ రిసెప్టర్లు.. అంటే టీఎల్‌ఆర్‌లు. మనిషిలో ఇవి 10 రకాలు. ఒక్కో క్రిమినీ విడివిడిగా గుర్తుపట్టవు. క్రిముల్లో సాధారణంగా కనిపించే గుర్తుల్ని పసిగడతాయి. టీఎల్‌ఆర్‌-4 గ్రామ్‌ నెగెటివ్‌ బ్యాక్టీరియా పైపొరలోని లైపోపాలీశాకరైడ్‌ను, టీఎల్‌ఆర్‌-5 కశాభంలోని ఫ్లాజెల్లిన్‌ను, టీఎల్‌ఆర్‌-7, 8 ఏకపోగు ఆర్‌ఎన్‌ఏను పట్టేస్తాయి.

ఎంఆర్‌ఎన్‌ఏలో యూరిడిన్‌ బదులు సూడోయూరిడిన్‌ లాంటివి పెడితే ఈ అలజడి బాగా తగ్గుతుందని కరికో, వైస్‌మన్‌ 2005లో చూపించారు. నోబెల్‌ వచ్చింది ఈ మార్పునకే.

మన హైదరాబాద్‌ లింకు

భారత్‌ బయోటెక్‌ కొవాగ్జిన్‌ది దీనికి సరిగ్గా రివర్స్‌. చంపేసిన వైరస్‌కు తోడుగా, టీఎల్‌ఆర్‌-7, 8ను కావాలనే తట్టిలేపే అడ్జువెంట్‌ను అందులో కలిపారు. ఒక టీకా కాపలాదారు కళ్లుగప్పితే, ఇంకోటి అతన్ని లేపి పని చేయించుకుంటుంది. రెండింటికీ ఆధారం ఒకటే సైన్సు.

దీని వెనుక కథ

గుర్తుల ఆధారంగా పసిగట్టే గ్రాహకాలు ఉండాలని చార్లెస్‌ జేన్‌వే 1989లో ఊహించారు. ‘టోల్‌’ జన్యువు పండ్ల ఈగను ఫంగస్‌ నుంచి కాపాడుతోందని జూల్స్‌ హాఫ్‌మన్‌ బృందం 1996లో కనుక్కుంది. 1998లో బ్రూస్‌ బాయిట్లర్‌ ఎలుకల్లో టీఎల్‌ఆర్‌-4 పాత్ర తేల్చారు. ఈ ఇద్దరూ 2011 నోబెల్‌ను రాల్ఫ్‌ స్టైన్‌మన్‌తో పంచుకున్నారు.

ఇక్కడ జాగ్రత్త!

‘సహజ రోగనిరోధకత నిర్దిష్టం కాదు’ అని చదివి, అది గుడ్డిగా పనిచేస్తుందనుకోవద్దు. ఒక్కో క్రిమికి తగ్గ ఆయుధం దాని దగ్గర ఉండదు, కానీ మనదేదో పరాయిదేదో పోల్చుకోగలదు. ఆ స్పందన అదుపు తప్పితే ముప్పు మనకే. ప్రాణాంతకమైన సెప్సిస్‌ అందుకు ఉదాహరణ. అలాగే 2025 వైద్య నోబెల్‌ను దీంతో కలిపేయకండి. అది రెగ్యులేటరీ టీ కణాలకు, అంటే ఆర్జిత రోగనిరోధకతకు సంబంధించింది.

ఈసారి అవార్డుల పట్టిక రాసుకునేటప్పుడు పేరు పక్కన ‘ఎందుకు?’ అని ఒక్క లైను రాసుకోండి. ప్రిలిమ్స్‌లో బిట్‌కీ, ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూలో జవాబుకీ పనికొచ్చేది ఆ లైనే.