కుండనీళ్ళ ఫోటో

"ఫిలిం ఇంట్లోనే కడుక్కోవచ్చా?" అని అడిగేవారికి నా జవాబొకటే: "నిక్షేపంలా! ముందు నీళ్ళ సంగతి చూసుకోండి."

బేతంచెర్లలో మా వంటిల్లే రాత్రిళ్ళు నా చీకటిగది. ఊటీ కర్మాగారం ఇప్పుడు మూతబడింది గాని, అక్కడ 1967లో తయారీ మొదలైన 'ఇందు' ఫిలిమే ఆ రోజుల్లో నాబోటివాళ్ళకు దిక్కు.

మొదటి రీల్లో మా అవ్వ ఫోటోలున్నాయి. నడివేసవి. తొట్టినీళ్ళతో మందు కలిపి, పుస్తకంలో ఉన్నట్టే పదినిమిషాలుంచాను. ఆ లెక్క 20 డిగ్రీల నీళ్ళకని గమనిస్తేనా! నెగెటివ్ నల్లబడింది. మెత్తబడిన పూత వేలికింద మీగడలా జారింది. దానితోపాటే అవ్వ ముఖమూ పోయింది.

అవ్వ నవ్వి, "మజ్జిగ ముంతకు తడిగుడ్డ ఎందుకు చుడతాననుకుంటివిరా?" అంది.

మరో రీలుకు ఆమెను మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి మందుసీసాకు తడిగుడ్డ చుట్టి కుండనీళ్ళలో నిలబెడితే 24 డిగ్రీలకు దిగింది. వేడి పెరిగినకొద్దీ వేళ తగ్గించాలి గనుక ఏడు నిమిషాలతో సరిపెట్టాను. తర్వాత హైపో. అది వెండి లవణాలను కరిగిస్తుందని హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు.

మాది నాపరాళ్ళ సీమ, నీళ్ళలో సున్నమెక్కువ. ఆరితే ఫిలిం మీద తెల్లమచ్చలే. అందుకని ఆఖరి కడుగుకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు వాడాను.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ ఫోటో మాత్రం గోడమీద నవ్వుతోంది.

కనుక మీ మొదటి రీలు పెరట్లో జామచెట్టుకు ఖర్చుపెట్టండి. అవ్వను రెండోదానికి ఉంచండి.