కన్ను తెరవని రాయి

మా ఊరు దుర్గి వాళ్లకు నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కడమే సముద్రయానం. అలాంటి నన్ను పట్టుకుని సియాటిల్ నుంచి మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, కయాక్ వేసుకుని సముద్రంలోకి వెళ్తున్నాను. ఆపదలో సిగ్నల్ పంపే బీకన్ ఏది కొనమంటావు?"

నవ్వొచ్చినా, కూర్చుని చదివాను. ఈపీఐఆర్‌బీ అనే బీకన్ పడవకు పెట్టేది; 48 గంటలు పనిచేస్తుంది కానీ కయాక్‌కు బరువు. శాటిలైట్ మెసెంజర్‌తో కబుర్లు అటూ ఇటూ నడుస్తాయి. అయితే చందా కట్టాలి, చార్జింగ్ చూసుకోవాలి. పైగా మన దేశంలో అనుమతి లేకుండా అది వాడటం నేరం. సూర్యలంక బీచ్ చూద్దామని వచ్చేటప్పుడు సంచిలో వేసుకురావద్దని వాడికి గట్టిగా చెప్పాను. మూడోది పీఎల్‌బీ, అంటే పర్సనల్ లొకేటర్ బీకన్. అరచేతిలో ఇమిడిపోతుంది, చందా లేదు. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌లో కనీసం 24 గంటలు ఉపగ్రహాలకు మొరపెడుతుంది. నా ఓటు దీనికే.

కొన్నాక ఎక్కడ పెడతాడన్నదే అసలు సంగతి. కయాక్ అరలో పెడితే, పడవ తిరగబడి గాలికి కొట్టుకుపోయినప్పుడు బీకనూ దానితోనే పోతుంది. లైఫ్ జాకెట్‌కే తాడుతో కట్టుకోవాలి. అక్కడి నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి, వేళ్లు కొయ్యబారతాయి. అందుకే గ్లోవ్స్‌తో, ఒంటిచేత్తో యాంటెనా విప్పడం ఒడ్డున ఉండగానే సాధన చెయ్యాలి, మీట మాత్రం నొక్కకుండా. కొన్ని పీఎల్‌బీలు వాటంతట అవి తేలవు. తేలే సంచీ ఉందో లేదో చూసుకోవాలి.

మన జాలర్లకు ఇస్రో ఇచ్చిన ఇలాంటి ఆపద పరికరం 2010 నుంచి ఉంది. మొదటి తరంలో మీట నొక్కినవాడికి తన మొర ఎవరికైనా చేరిందో లేదో తెలిసేది కాదు. 2024 జనవరిలో వచ్చిన రెండో తరంలో 'అందింది' అన్న జవాబు పడవకే వస్తుంది. నడిసంద్రంలో ఆ ఒక్క మాట కొండంత ధైర్యం. కొన్ని పీఎల్‌బీల్లోనూ ఈ ఏర్పాటుంది. నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోమన్నాను.

చివరిది, చాలామంది వాయిదా వేసేది రిజిస్ట్రేషన్. మా ఊరి శిల్పి ఎన్ని నెలలు చెక్కినా, కన్ను తెరిపించేదాకా విగ్రహానికి పూజ లేదు. పేరు నమోదు కాని బీకనూ అంతే. అరుస్తుంది కానీ, ఎవరి గొంతో వెతికేవాళ్లకు తెలియదు. అమెరికాలో నోవా సంస్థ దగ్గర నమోదుకు పైసా ఖర్చు లేదు. సిగ్నల్ రాగానే వెతికేవాళ్లు అందులోని నంబర్లకు ఫోన్ చేసి, మనిషి నిజంగా నీళ్లమీదకు వెళ్లాడా అని అడుగుతారు.

ఆ ఫారంలో రెండో నంబరు నాది రాశాడట. అక్కడ పగలంటే మాకు రాత్రి. ఫోన్ కట్టేసి పడుకునే అలవాటు మానుకున్నాను.

— పల్నాటి బాటసారి